రెక్కలున్నా దాటలేని రోడ్లు

పక్షులకు రెక్కలు ఉన్నాయి గనుక రోడ్లు వాటిని విడదీయలేవన్న అభిప్రాయం పరిశోధకులలో కూడా చాలాకాలం నిలిచి ఉంది. కప్పలు, బల్లులు, చిన్న క్షీరదాల విషయంలో రహదారుల జన్యు ప్రభావాన్ని పరిశీలించినంత శ్రద్ధగా పక్షుల విషయంలో పరిశీలించకపోవడానికి ఆ అభిప్రాయం ఒక ముఖ్య కారణమని నా నమ్మకం. ఏటా సముద్రాలు దాటి వలస వచ్చే పిట్టలు ఉన్న లోకంలో ముప్ఫై మీటర్ల తారు ఒక అడ్డంకి ఎలా అవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఎగరగల శక్తి ఉండడం ఒకటి, ఎగిరి దాటడానికి సిద్ధపడడం మరొకటి, దాటిన తరువాత అవతలి వైపు చోటు సంపాదించుకుని, జతను వెతుక్కుని, పిల్లలను పెంచడం ఇంకొకటి. జన్యువుల లెక్కలోకి వచ్చేది ఈ చివరిది మాత్రమే. రోడ్డు దాటే పక్షులను ఎన్నింటిని చూసినా, వాటి పిల్లలు అవతలి వైపు పుట్టకపోతే, ఆ రెండు వైపుల మధ్య జన్యు ప్రవాహం లేనట్టే.

ఒక అడవి మధ్య నుంచి రోడ్డు వేసి, ఇరువైపుల పక్షులు పరస్పరం జతకట్టడం మానేశాయని అనుకుందాం. ప్రతి తరంలోనూ కొన్ని పక్షులు సంతానం లేకుండానే చనిపోతాయి, మరికొన్నింటికి ఎక్కువ పిల్లలు పుడతాయి. దానితో కొన్ని జన్యురూపాలు కేవలం యాదృచ్ఛికంగా పెరుగుతాయి, కొన్ని అంతరిస్తాయి. దీనిని జన్యు విస్థాపనం అంటారు. సమూహం ఎంత చిన్నదైతే దీని వేగం అంత ఎక్కువ. వాస్తవంగా సంతానోత్పత్తిలో పాల్గొనే పక్షుల సంఖ్యను బట్టి లెక్కగట్టే ప్రభావక జనాభా 50 అయితే, తరానికి 1 శాతం చొప్పున జన్యు వైవిధ్యం తరుగుతుంది. 50 తరాలలో దాదాపు 40 శాతం పోతుంది. అదే ప్రభావక జనాభా 500 అయితే, అన్నే తరాలలో పోయేది సుమారు 5 శాతమే. అంటే రోడ్డు ఒక పెద్ద సమూహాన్ని రెండు పెద్ద సగాలుగా చీల్చడానికీ, ఒక చిన్న ముక్కను వేరుచేసి వదిలేయడానికీ మధ్య చాలా తేడా ఉంది. ఈ తేడాను గమనించకుండా రోడ్లు పక్షులకు హాని చేస్తాయా, చేయవా అని ఒకే మాటలో అడిగితే జవాబు దొరకదు.

ఈ నష్టానికి విరుగుడు ఇటూ అటూ తిరిగే పక్షులే. జన్యు శాస్త్రవేత్త సీవాల్ రైట్ రూపొందించిన సిద్ధాంతం నుంచి వచ్చిన ఒక సూత్రం ప్రకారం, తరానికి ఒక్క పక్షి అవతలి నుంచి వచ్చి సంతానాన్ని కన్నా, రెండు సమూహాలు జన్యుపరంగా పూర్తిగా వేరుపడకుండా ఉంటాయి. ఈ సూత్రం చాలామందికి ధైర్యాన్ని ఇస్తుంది గానీ, అది ఆదర్శ పరిస్థితులను ఊహించుకుని చేసిన గణితమని మరచిపోకూడదు. ఆ ఒక్క పక్షి ఉన్నప్పటికీ, జన్యు భేదాన్ని కొలిచే ఎఫ్‌ఎస్‌టీ అనే సూచిక 0.2 వరకు చేరగలదు. అది చిన్న భేదం కాదు.

ఇక పక్షులు నిజంగా దాటడానికి వెనుకాడతాయా అన్న ప్రశ్నకు ఉష్ణమండల అడవులు స్పష్టమైన సమాధానం ఇచ్చాయి. పనామాలో 1914 నాటికి కాలువ కోసం నదికి ఆనకట్ట కట్టినప్పుడు గాటున్ సరస్సు ఏర్పడి, కొండ శిఖరాలు దీవులుగా మిగిలాయి. ఆ సరస్సు మీద పరిశోధకులు అడవి పక్షులను పడవలో తీసుకువెళ్లి, ఒడ్డుకు వేర్వేరు దూరాలలో వదిలి చూశారు. 2008లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో కొన్ని జాతులు తేలికగా ఒడ్డుకు చేరాయి. అడవి లోపలి నీడలోనే బతికే కొన్ని జాతుల పక్షులు మాత్రం 100 మీటర్ల దూరాన్ని కూడా దాటలేక నీటి మీద వాలిపోయాయి. రెక్కలు ఉన్నంత మాత్రాన దూరం ఒక సమస్య కాదన్న వాదనకు ఇంతకంటే సూటి సమాధానం నాకు కనిపించలేదు. కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతూ, చెట్ల నీడ విడవకుండా పురుగులను ఏరుకుని తినే పక్షి శరీరం అవిచ్ఛిన్నంగా ఎగరడానికి తయారైనది కాదు; పైగా వెలుతురులోకి వస్తే డేగ కంటపడే ప్రమాదం దాని పూర్వీకులందరికీ ఎదురైనదే.

అమెజాన్ మధ్యభాగంలో సుసాన్ లారెన్స్, ఫిలిప్ స్టౌఫర్, విలియమ్ లారెన్స్ 2004లో ప్రచురించిన అధ్యయనం ఇదే విషయాన్ని రోడ్ల దగ్గర చూపింది. ముప్ఫై, నలభై మీటర్ల వెడల్పున చెట్లు కొట్టి వేసిన, వాహనాలు అంతగా తిరగని దారులను సైతం అడవి అడుగుపొరలో తిరిగే కీటకాహార పక్షులు దాటడం గణనీయంగా తగ్గించాయి. రోడ్డు పక్కన మళ్లీ మొక్కలు ఎదిగిన చోట మాత్రం వాటి రాకపోకలు మెరుగయ్యాయి. దీనిని బట్టి అక్కడ అడ్డంకిగా నిలిచింది వాహనాలో తారో కాదు, చెట్లు లేని ఆ ఖాళీయే అని తెలుస్తుంది. రోడ్డు వెడల్పును తారు వెడల్పుతో కొలవడం అలవాటైన మనకు, పక్షి ఆ వెడల్పును చెట్టు నుంచి చెట్టుకు కొలుచుకుంటుందన్న సంగతి తరచుగా గుర్తుకు రాదు.

జన్యువులలో రోడ్డు ముద్ర ఎలా పడుతుందో చెప్పే అధ్యయనాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి లాస్ ఏంజెలెస్ పరిసరాలలో జరిగినవి. అక్కడి వెంచురా ఫ్రీవేకు ఇరువైపులా ఉన్న కొండలలో కాయోటీలనే తోడేలు జాతి జంతువులనూ, అడవి పిల్లులైన బాబ్‌క్యాట్‌లనూ పరిశీలించిన బృందం 2006లో ఒక ముఖ్యమైన విషయాన్ని వెల్లడించింది. కొన్ని జంతువులు ఆ మహా రహదారిని దాటుతూనే ఉన్నాయి. అయినా రెండు వైపుల జంతువులు జన్యుపరంగా వేరుపడి ఉన్నాయి. రహదారి అంచున జంతువుల సొంత ప్రాంతాలు ఒకదాని మీద ఒకటిగా కిక్కిరిసి ఉండడం వలన, దాటి వచ్చిన కొత్త జంతువుకు స్థిరపడడానికి చోటు దొరకక, సంతానం కనే అవకాశం తక్కువగా ఉంటుందని వారు వివరించారు. అంటే రోడ్డు భౌతికమైన అడ్డంకి మాత్రమే కాదు, సామాజికమైన అడ్డంకి కూడా. సొంత ప్రాంతం కోసం పాటతోనూ పోరాటంతోనూ పోటీపడే పక్షులకు ఈ వివరణ మరింతగా వర్తిస్తుందని నాకు అనిపిస్తుంది.

అదే ప్రాంతంలో 2010లో వెలువడిన మరో అధ్యయనం మూడు బల్లి జాతులతో పాటు రెన్‌టిట్ అనే చిన్న పక్షిని కూడా చేర్చుకుంది. రెన్‌టిట్ ఉత్తర అమెరికాలో అతి తక్కువగా తిరిగే పక్షులలో ఒకటి. పిల్ల పుట్టిన గూటికీ, అది పెద్దదై తొలిసారి కట్టుకునే గూటికీ మధ్య సగటు దూరం సుమారు 400 మీటర్లు మాత్రమే. అది చాపరల్ అనే దట్టమైన పొదలను విడిచి బయటకు రాదు, వలస పోదు, ఒకసారి స్థిరపడిన చోట జీవితాంతం ఉంటుంది. రోడ్లతోనూ ఇళ్లతోనూ ముక్కలైన ఆ పొదలలో నాలుగు జాతులూ కొన్ని దశాబ్దాల వ్యవధిలోనే జన్యుపరంగా వేరుపడినట్టు పరిశోధకులు కనుగొన్నారు. బల్లుల విషయంలో అది ఊహించదగినదే. ఎగరగల పక్షి కూడా అదే బాటలో నడవడమే ఆ అధ్యయనంలోని ముఖ్యమైన పాఠం. అక్కడ రోడ్డు ప్రభావాన్నీ ఇళ్ల ప్రభావాన్నీ పూర్తిగా విడదీయడం సాధ్యం కాదు, ఎందుకంటే రోడ్డు వచ్చిన వెనుకే ఇళ్లు వస్తాయి. అయినప్పటికీ పరిణామ కాలమానంలో రెప్పపాటు వంటి ఆ వ్యవధి నన్ను కలవరపెడుతుంది.

శబ్దం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది తారు అంచుతో ఆగిపోదు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో బోయిసీ పరిశోధకులు రోడ్డే లేని ఒక కొండ అంచున, అర కిలోమీటరు పొడవునా స్పీకర్లు అమర్చి, నాలుగు రోజులు వాహనాల శబ్దాన్ని వినిపించి, మరో నాలుగు రోజులు ఆపుతూ, వలస మధ్యలో అక్కడ ఆగే పక్షులను లెక్కించారు. 2013లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, శబ్దం ఉన్న రోజులలో పక్షుల సంఖ్య నాలుగో వంతుకు పైగా తగ్గింది. కొన్ని జాతులు ఆ చోటును దాదాపుగా వదిలేశాయి. తారు లేదు, వాహనం లేదు, చెట్టు కొట్టలేదు. కేవలం ధ్వని ఉంది. నెదర్లాండ్స్‌లో రూడ్ ఫోపెన్, రీన్ రైనెన్ 1990లలో చేసిన పరిశీలనలు దీనికి మరో కోణాన్ని చేరుస్తాయి. రహదారికి 200 మీటర్ల లోపు విల్లో వార్బ్లర్ మగపక్షుల సాంద్రత తక్కువగా ఉంది. ఉన్నవాటిలో తొలి ఏడాది కుర్ర పక్షుల వాటా ఎక్కువగానూ, వాటికి జత దొరికే అవకాశం తక్కువగానూ ఉంది. ఇటువంటి పట్టీలో ఉన్న పక్షి అవతలి వైపుకు జన్యువులను చేరవేసే వంతెన కాగలదని ఆశించడం కష్టం.

నగర శబ్దం ఎక్కువగా ఉన్న చోట గ్రేట్ టిట్ పక్షులు పాటలోని కనీస పౌనఃపున్యాన్ని పెంచుతాయని 2003లో లైడెన్ నగర పరిశోధన చూపింది. పాట మారితే జత ఎంపిక కూడా మారి, రెండు సమూహాలు మరింత దూరమవుతాయని కొందరు ఊహిస్తారు. అది ఆకర్షణీయమైన ఊహే గానీ, దానిని రోడ్ల జన్యు ప్రభావానికి రుజువుగా చూపడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

వాహనాల కింద పడి చనిపోయే పక్షుల సంఖ్యను మాత్రం ఊహకు వదలనవసరం లేదు. ఒక్క అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనే ఏటా 8.9 కోట్ల నుంచి 34 కోట్ల వరకు పక్షులు వాహనాలు ఢీకొని చనిపోతున్నాయని 2014 నాటి ఒక అంచనా. ఈ మరణాలకూ జన్యు అనుసంధానానికీ ఉన్న సంబంధాన్ని ఫ్లోరిడా స్క్రబ్ జే కథ చక్కగా విడమరుస్తుంది. ఈ పక్షులు కుటుంబాలుగా జీవిస్తాయి. పెద్ద పిల్లలు తల్లిదండ్రుల దగ్గరే ఉండి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పెంచడంలో సాయపడతాయి. తరువాత కూడా పుట్టిన చోటికి దగ్గరలోనే స్థిరపడతాయి. ఆర్చ్‌బోల్డ్ పరిశోధన కేంద్రం దగ్గర రెండు వరుసల రహదారి పక్కన నివసించే జేలను అనేక ఏళ్లు గమనించిన రోనాల్డ్ మమ్మె బృందం 2000లో తెలిపినదేమిటంటే, రోడ్డు పక్క స్థలాలలో మరణాలు జననాలను మించిపోయాయి. బయటి నుంచి వచ్చే పక్షులే ఆ స్థలాలను నింపుతూ వచ్చాయి. అంతకంటే గమనించదగినది ఏమిటంటే, రోడ్డు అనుభవం లేకుండా కొత్తగా వచ్చి స్థిరపడిన పక్షులు తొలి సంవత్సరాలలోనే అధికంగా చనిపోయాయి. ఆ గండం దాటినవి మాత్రం మిగతా పక్షులకు సమానంగా బతికాయి.

దీని జన్యుపరమైన అర్థాన్ని ఆలోచించినప్పుడు నాకు బాధ కలుగుతుంది. జన్యు ప్రవాహానికి అవసరమైనవి ఇల్లు విడిచి కొత్త చోటు వెతుక్కునే పక్షులు. సరిగ్గా ఆ పక్షులనే రోడ్డు ముందుగా ఏరివేస్తోంది. మొత్తం జనాభాలో చనిపోయిన వాటి శాతం చిన్నదిగా కనిపించవచ్చు గానీ, అనుసంధానాన్ని నిలిపే పక్షులలో ఆ శాతం పెద్దది కావచ్చు. బయటి నుంచి వచ్చే పక్షులు తగ్గితే ఏమవుతుందో కూడా అదే ఆర్చ్‌బోల్డ్ జనాభా చూపింది. చుట్టుపక్కల సమూహాలు క్షీణించి వలసదారుల రాక తగ్గడంతో, ఆ జనాభా సంఖ్య నిలకడగా ఉన్నప్పటికీ, దానిలో అంతఃప్రజననం, అంటే రక్త సంబంధీకుల మధ్య సంతానోత్పత్తి, పెరిగిందనీ, దాని వలన పక్షుల మనుగడ శక్తి తగ్గిందనీ 2016లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. అక్కడ మూలకారణం ప్రధానంగా ఆవాస నష్టమే, రోడ్డు కాదు. అయినా సంఖ్య తగ్గలేదు గనుక ప్రమాదం లేదన్న వాదనకు ఆ ఫలితం గట్టి జవాబు.

రక్త సంబంధీకుల మధ్య సంతానోత్పత్తి ఎక్కడికి దారితీస్తుందో ఇల్లినాయ్ రాష్ట్రపు ప్రెయిరీ చికెన్ పక్షుల అనుభవం తెలుపుతుంది. 1962లో సుమారు 2000 ఉన్న ఆ సమూహం 1994 నాటికి 50 కంటే తక్కువకు పడిపోయింది. గుడ్లు పిల్లలయ్యే శాతం కూడా క్షీణించింది. 1992 నుంచి ఇతర రాష్ట్రాల పక్షులను తెచ్చి వదిలిన తరువాత గుడ్లు పిల్లలయ్యే శాతం తిరిగి పుంజుకుంది. ఆ సమూహాన్ని ఒంటరిని చేసినది వ్యవసాయ విస్తరణే. అయితే ఒంటరితనానికి కారణం పొలమైనా రోడ్డైనా, దాని పరిణామం గుడ్డు లోపల ఒకేలా ఉంటుంది.

ఈ భేదాలను కొలిచే పద్ధతి గురించి కొంత చెప్పాలి. పక్షిని సన్నని వలతో పట్టి, రెక్క కింది నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి వదిలేస్తారు. క్షీరదాలకు భిన్నంగా పక్షుల ఎర్ర రక్తకణాలలో కేంద్రకం ఉంటుంది గనుక ఆ ఒక్క చుక్క నుంచే సమృద్ధిగా డీఎన్ఏ దొరుకుతుంది. పూర్వం పది, ఇరవై మైక్రోశాటిలైట్ అనే డీఎన్ఏ గుర్తులతో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు జీనోమ్ అంతటా వేల స్థానాలను చదువుతున్నారు. ఆ తరువాతి పని కష్టమైనది. దూరం పెరిగే కొద్దీ జన్యు భేదం సహజంగానే పెరుగుతుంది. రోడ్డు వలన అదనంగా పెరిగినది ఎంత అన్నదే తేల్చవలసిన ప్రశ్న. రోడ్లు తరచుగా లోయల వెంట, నదుల పక్కన వేస్తారు గనుక నది చేసిన పనిని రోడ్డుకు అంటగట్టే ప్రమాదం ఉంది. కెనడాలోని బాన్ఫ్ జాతీయ ఉద్యానవనంలో కొలీన్ సెయింట్ క్లెయిర్ 2003లో పక్షి పిలుపులను వినిపించి, అడవి పక్షులు రోడ్డునూ నదినీ ఎంతవరకు దాటుతాయో పోల్చి చూసినప్పుడు, నదులే రోడ్ల కంటే పెద్ద అడ్డంకిగా తేలాయి. ఇటువంటి ఫలితాలను దాచకుండా చెప్పాలి. అన్ని రోడ్లూ అన్ని పక్షులనూ విడదీస్తాయనడం నిజం కాదు. దూరం తిరిగే జాతులలో, బహిరంగ ప్రదేశాలకు అలవాటుపడిన జాతులలో, రోడ్డు ముద్ర జన్యువులలో కనిపించకపోవచ్చు.

కనిపించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది సమయం. ఎరిన్ లాండ్‌గత్ బృందం 2010లో కంప్యూటర్ నమూనాలతో చూపినట్టు, కొత్త అడ్డంకి ఏర్పడిన తరువాత ఒక్కో జీవికీ మరో జీవికీ మధ్య ఉన్న జన్యు దూరాలను ఉపయోగించే పద్ధతులు దానిని సుమారు 15 తరాల లోపే పసిగట్టగలవు గానీ, ఎఫ్‌ఎస్‌టీ వంటి సమూహ సూచికలకు అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. సమూహాలు పెద్దవైతే విస్థాపనం నెమ్మదిగా సాగుతుంది, ముద్ర మరింత ఆలస్యమవుతుంది. ముప్ఫై ఏళ్ల క్రితం వేసిన రోడ్డు వలన జన్యు భేదం లేదని తేలితే, ఆ రోడ్డు నిరపాయకరమని కాదు, రుజువు ఇంకా తయారు కాలేదని అర్థం కావచ్చు. ఒక ప్రాజెక్టు ప్రభావ నివేదికలో ‘జన్యు భేదం కనబడలేదు’ అన్న వాక్యాన్ని చదివేటప్పుడు, ఎన్ని తరాలు గడిచాయి, ఏ గుర్తులతో కొలిచారు, ఎన్ని పక్షుల రక్తం తీశారు అన్న మూడు ప్రశ్నలు అడగడం అవసరమని నేను గట్టిగా భావిస్తున్నాను. ఆడ, మగ పక్షులను విడివిడిగా చూశారా అన్నది నాలుగవది. చాలా పక్షి జాతులలో పుట్టిన చోటు విడిచి దూరం వెళ్లేవి ఆడపక్షులే గనుక, రోడ్డుకు అవి వెనుకాడితే నష్టం రెట్టింపు అవుతుంది. ఆస్ట్రేలియాలో ముక్కలైన అడవులలో బ్రౌన్ ట్రీక్రీపర్ మగపక్షులు ఆడపక్షులు రాక ఒంటరిగా మిగిలాయనీ, ఆడపక్షులను తెచ్చి వదిలితే అవి అక్కడే నిలిచాయనీ 2002లో ప్రచురితమైన ప్రయోగం చెబుతుంది.

ఏమి చేయవచ్చన్న విషయంలో ఆధారాలు తక్కువైనా ఆశాజనకంగా ఉన్నాయి. బ్రిస్బేన్‌లో కాంప్టన్ రోడ్డు మీద 2005లో నిర్మించిన జంతు వంతెన మీద చెట్లు, పొదలు నాటారు. అవి ఎదిగాక, వెడల్పైన రోడ్డును నేరుగా దాటడానికి ఇష్టపడని చిన్న అడవి పక్షులు ఆ వంతెన మీదుగా రాకపోకలు సాగించడాన్ని డారిల్ జోన్స్, ఆయన సహచరులు నమోదు చేశారు. వంతెన అందరికీ కనబడుతుంది, ఖర్చు కూడా ఎక్కువే. దానికంటే చవకైనవి చాలా ఉన్నాయి. రోడ్డు అంచున చెట్లను అవసరానికి మించి కొట్టకపోవడం, మధ్య పట్టీలో పొదలను కాక ఎత్తైన చెట్లను పెంచడం, ఇరువైపుల కొమ్మలు పైన కలుసుకునేలా వదిలేయడం వంటివి అమెజాన్ ఫలితాలను బట్టి అర్థవంతమైన చర్యలే. మధ్య పట్టీలో పండ్ల పొదలు పెంచితే మాత్రం పక్షులు తక్కువ ఎత్తున ఎగురుతూ వాహనాలకు ఎదురుపడతాయి. సదుద్దేశంతో చేసిన పని ఉచ్చుగా మారుతుంది.

అన్నిటికంటే సులువైనది కొన్ని చోట్ల రోడ్డు వేయకుండా ఉండడమే. రోడ్లు ప్రపంచ భూభాగాన్ని 6 లక్షలకు పైగా ముక్కలుగా చేశాయనీ, వాటిలో సగానికి పైగా ముక్కలు చదరపు కిలోమీటరు కంటే చిన్నవనీ 2016లో పియెర్ ఇబిష్ బృందం లెక్కగట్టింది. 2010తో పోలిస్తే 2050 నాటికి మరో 2.5 కోట్ల కిలోమీటర్ల రోడ్లు వస్తాయన్న అంచనా ఉంది. వాటిలో పదింట తొమ్మిది వంతులు అభివృద్ధి చెందుతున్న దేశాలలోనే, అంటే తక్కువ దూరం తిరిగే అడవి పక్షులు అత్యధికంగా ఉన్న ఉష్ణమండలంలోనే ఎక్కువగా వస్తాయి. ఆ రోడ్లలో చాలావాటికి పనులు ఇంకా మొదలు కాలేదు. చెట్టు మీద గొడ్డలి పడకముందే రెండు వైపుల పక్షుల రక్త నమూనాలను సేకరించి భద్రపరిస్తే, రోడ్డు పడిన ఇరవై ఏళ్ల తరువాత జరిగే పరీక్షకు పోల్చదగిన ఆధారం ఉంటుంది. ఇంతవరకు జరిగిన అధ్యయనాలలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. అవి రోడ్డు పడిన తరువాతి స్థితిని మాత్రమే చూసి పూర్వస్థితిని ఊహించుకోవలసి వచ్చింది. వెంచురా ఫ్రీవే మీద, లిబర్టీ కాన్యన్ దగ్గర, పది వరుసల రహదారిని దాటేలా వాలిస్ అన్నెన్‌బర్గ్ జంతు వంతెన నిర్మాణం 2022 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. దాని గురించిన చర్చ అంతా ప్యూమాలనే పెద్ద అడవి పిల్లుల చుట్టూ తిరిగింది. కానీ ఆ పరిసరాలలోని రెన్‌టిట్‌ల జన్యు సమాచారం 2010 అధ్యయనం పుణ్యమా అని ఇప్పటికే చేతిలో ఉంది. వంతెన మీద చాపరల్ ఎదిగి కొన్ని తరాలు గడిచాక మళ్లీ రక్తం తీసి చూస్తే, విడిపోయిన పక్షులను తిరిగి కలపడం సాధ్యమా అన్న ప్రశ్నకు నేరుగా సమాధానం దొరుకుతుంది.